ఇంట్లో రికార్డ్ చేసిన బ్యాండ్ పాట: ఎవరికి వినిపించాలి, ఏం అడగాలి?

రికార్డ్ చేసిన ట్రాక్‌లన్నీ కలిపిన తొలి మిక్స్ (రఫ్ మిక్స్) ఒక ఫైల్‌గా బయటికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఆ ఫైల్‌ను వాట్సాప్‌లో కనిపించినవాళ్ళందరికీ పంపి "ఎలా ఉందో చెప్పండి" అనడం. సాయంత్రానికి కొన్ని చప్పట్ల బొమ్మలు, ఒక "సూపర్ మామా", ఒక "కొంచెం సౌండ్ పెంచాల్సింది" వస్తాయి. వాటిని పట్టుకుని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెషన్ తెరిస్తే ఏ ఫేడర్ (ఒక్కో ట్రాక్ సౌండ్ పెంచే, తగ్గించే మీట) కదపాలో తెలియదు. ఆ అడిగిన ప్రశ్నకు అంతకంటే జవాబు రాదు కూడా.

ఎవరిని అడగాలో తేల్చుకునే ముందు దేని గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి. బ్యాండ్ పాటలో మూడు వేరు వేరు విషయాలున్నాయి. ఒకటి పాట: మాటలు, ట్యూను, పల్లవి ఎప్పుడు వస్తుంది, మొత్తం ఎంతసేపుంది. రెండోది వాయించిన తీరు: శ్రుతి, టైమింగ్, డ్రమ్మర్ చరణంలో పరిగెత్తాడా లేదా. మూడోది మిక్స్: గొంతు ఎంత పైకుంది, కిక్కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), బేస్ గిటార్ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయా, రివర్బ్ (కలిపిన ప్రతిధ్వని) ఎక్కువైందా. ఈ మూడింటికీ ఒకే మనిషి చెవి పనికిరాదు. సమయం కూడా వేరే. "ఇంట్రో మరీ పొడుగ్గా ఉంది" అనే మాట డ్రమ్స్ రికార్డ్ చేయకముందు వస్తే అయిదు నిమిషాల పని. మిక్స్ పూర్తయ్యాక వస్తే గొడవ. అందుకే కింద ఒక్కో దారి దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో విడివిడిగా చెబుతున్నాను.

ఇంట్లోవాళ్ళు, స్నేహితులు

వీళ్ళను తీసిపారేయకండి. మిక్స్ గురించి వీళ్ళ మాటలు వాడుకోవడం కష్టమే కానీ పాట గురించి వీళ్ళను మించిన పరీక్ష లేదు. షరతు ఒక్కటే, అభిప్రాయం అడగకూడదు. పాట వినిపిస్తూ గమనించాలి. ఎక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నారు, ఎక్కడ పక్కవాళ్ళతో మాట మొదలుపెట్టారు, రెండోసారి పల్లవి వచ్చేసరికి పెదవి కదిలిందా లేదా. రెండో చరణం తర్వాత వచ్చే గిటార్ సోలోలో ముగ్గురికి ముగ్గురూ వేరే కబుర్లలో పడ్డారంటే ఆ సోలో పొడుగైందని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మాటలు అర్థమవుతున్నాయా అన్నది. తెలుగు పాటకు ఇది ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. మన మాటల్లో ఒత్తులు, ద్విత్వాలు ఎక్కువ. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పోతే అర్థమే మారిపోతుంది. హల్లులు స్పష్టంగా వినిపించే చోటు సుమారు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్. సరిగ్గా అక్కడే డిస్టార్షన్ గిటార్లు కూడా కూర్చుంటాయి. ఒకే గిటార్ భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమ ఒకటి, కుడి ఒకటి పెట్టి (డబుల్ ట్రాక్ చేసి), గొంతు మీద పొడుగు రివర్బ్ వేస్తే ఒత్తులు కరిగిపోయి అచ్చులు మాత్రం మిగులుతాయి. రాసినవాడికి, పాడినవాడికి, మిక్స్ చేసినవాడికి ఇది వినిపించదు. మాటలు తెలుసు కాబట్టి మెదడు ఖాళీలు తనే పూరించుకుంటుంది.

పరీక్ష చాలా తేలిక. పాట ఎప్పుడూ వినని మనిషికి ఒకే ఒక్కసారి వినిపించి, పల్లవి మాటలు కాగితం మీద రాయమనండి. లిరిక్ షీట్ ఇవ్వొద్దు, రెండోసారి వినిపించొద్దు. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట తప్పు రాస్తే అక్కడ మిక్స్‌లోనో, ఉచ్చారణలోనో లోపముంది. ఈ పని తెలుగు వచ్చినవాళ్ళే చేయగలరు. అమెరికాలో రికార్డింగ్ స్టూడియోలకు పేరున్న నాష్‌విల్‌లో కూర్చున్న ఇంజనీర్ ఎంత గొప్పవాడైనా ఈ ఒక్క విషయంలో మీ మేనత్త ముందు నిలబడలేడు.

బ్యాండ్‌లోవాళ్ళు

అసలు తలనొప్పంతా ఇక్కడే. గిటారిస్ట్ గిటార్ వింటాడు, డ్రమ్మర్ స్నేర్ (కిట్‌లో చురుగ్గా మోగే డ్రమ్) వింటాడు. ప్రతి ఒక్కరి ఫిర్యాదూ "నాది వినిపించట్లేదురా" అనే ఉంటుంది. అందరి మాటా విని అందరి ఫేడర్లూ ఒక్కో డెసిబెల్ పెంచితే పాట మారదు, మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ఛానెల్) మీద సౌండ్ హద్దు దాటకుండా నొక్కిపట్టే లిమిటర్ మాత్రం ఏడుస్తుంది.

సింగర్ తన గొంతు గురించి ఇచ్చే సలహా అన్నింటికంటే తక్కువ నమ్మదగ్గది. కొందరికి తమ గొంతు వినడమే సిగ్గు, తగ్గించమంటారు. ఇంకొందరికి ఎంత పెంచినా చాలదు. అదే సింగర్‌ను కిక్కు గురించి అడగండి, పనికొచ్చే మాట చెబుతాడు. బేస్ వాయించేవాడు కిక్కు సంగతి, డ్రమ్మర్ బేస్ సంగతి బాగా పట్టుకుంటారు. ఒకరి మీద ఒకరు ఆనుకుని వాయిస్తారు కదా. కాబట్టి నేను పెట్టే పద్ధతి ఇది: ఎవరి వాద్యం గురించి వాళ్ళు మాట్లాడకూడదు. మిగతా వాటి గురించి, నిమిషం, సెకను వేసి రాయాలి. ఇతరులు రాసింది చూడకముందే రాసి పంపాలి. గ్రూపులో ముందు ఎవరైనా "బేస్ తక్కువుంది" అన్నారంటే ఆ తర్వాత అందరికీ బేస్ తక్కువగానే వినిపిస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో పుట్టిన బ్యాండ్లలో సగం మంది ఇప్పుడు అమెరికాలో ఉంటున్నారు. ఒకడు డల్లాస్, ఒకడు మియాపూర్. వీడియో కాల్‌లో కలిసి మిక్స్ వినాలనుకుంటే ఒక జాగ్రత్త. ఆ యాప్‌లు మాట కోసం తయారైనవి. సింబల్స్‌ను, రివర్బ్ తోకలను గదిలో రొద అనుకుని కోసేస్తాయి. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అనే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయాలి. అంతకంటే మంచిది, ఫైల్ ముందే పంపి, ఎవరి దగ్గర వాళ్ళు ప్లే చేసుకుని, కాల్‌ను మాటలకు మాత్రమే వాడుకోవడం.

రెండు వెర్షన్ల మధ్య పంచాయితీ తేలకపోతే గుడ్డి పరీక్ష పెట్టండి. ఏది ఏ వెర్షనో చెప్పకుండా మార్చి మార్చి వినిపించి ఏది బాగుందో రాయమనండి. ఇందులో ఒక మెలిక ఉంది, రెండూ ఒకే లౌడ్‌నెస్‌లో ఉండి తీరాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్న వెర్షనే బాగున్నట్టు ఎవరికైనా అనిపిస్తుంది. సౌండ్ తగ్గినప్పుడు లోతు స్వరాలూ పై స్వరాలూ మన చెవికి మరింత తగ్గినట్టు వినిపిస్తాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అంటే ఎక్కువ సౌండ్‌తో ప్లే చేసిన మిక్స్‌కు బేస్, మెరుపు ఉచితంగా కలిసొస్తాయి. లెవెల్ సరిచేయకుండా పోల్చితే పోల్చింది వాల్యూమ్‌నే.

సంగీతం నేర్పే గురువు దగ్గర

బ్యాండ్ కుర్రాళ్ళకు చాలావరకు ఈ ఆలోచనే రాదు. మెలొడైన్, ఆటోట్యూన్ లాంటి శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌లు స్వరాన్ని దగ్గర్లో ఉన్న స్వరస్థానపు గీత మీదకు లాగుతాయి. మన పాటలో గమకం ఆ గీతల మధ్యే ఉంటుంది. పైనుంచి జారి వచ్చే స్వరాన్ని సాఫ్ట్‌వేర్ తప్పు శ్రుతి అనుకుని సాపు చేసేస్తుంది. రాక్ నుంచి వచ్చిన ఇంజనీర్‌కు అది శుభ్రంగా వినిపిస్తుంది. సంగీతం టీచర్ మాత్రం రెండో లైన్‌లోనే "ఇక్కడ గొంతు ఇస్త్రీ చేసినట్టుందేంటి?" అంటారు. పాటలో రాగచ్ఛాయ ఉన్నా, ఆలాపన ఉన్నా, ట్యూనింగ్ చేయకముందు టేక్, చేశాక టేక్ రెండూ తీసుకెళ్ళి వినిపించండి. మిక్స్ సంగతి మాత్రం ఎత్తొద్దు. డ్రమ్స్ ఉండటమే ఎక్కువని అంటే తట్టుకోవాలి.

మీ చెవి, మీ గది

ఉచితంగా, అర్ధరాత్రి కూడా దొరికే విమర్శకుడు మీరే. కానీ మీ గది మీకు అబద్ధం చెబుతుంది. ఎంత అబద్ధమో లెక్కేసి చూపించవచ్చు.

అపార్ట్‌మెంట్లలో చిన్న బెడ్‌రూమ్ అంటే పది బై పది. సీలింగ్ ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే గది దాదాపు ఘనం, ధ్వనికి ఇంతకంటే చెడ్డ ఆకారం లేదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే మొదటి రూమ్ మోడ్ (గోడల మధ్య కొట్టుకుని అతిగా మోగే స్వరం) 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడు మోడ్‌లూ అక్కడే కుప్పపడతాయి. బేస్ గిటార్‌లో A తీగ స్వరం 55 హెర్ట్జ్! అంటే పాట A స్కేల్‌లో ఉంటే గోడ పక్కన కూర్చున్నవాడికి బేస్ గుయ్యిమంటుంది. గది మధ్యలో కుర్చీ వేసుకున్నవాడికి ఆ స్వరం దాదాపు మాయమవుతుంది. మధ్యలో కూర్చుని మిక్స్ చేసినవాడు బేస్ పెంచుతాడు. కారులో పెట్టగానే అద్దాలు అదురుతాయి. టైల్స్ ఫ్లోరింగ్, నున్నటి గోడలు దీనికి తోడై పైన ఇంకో రకం మోత.

గోడలకు గుడ్డు ట్రేలు అంటించి దీన్ని ఆపలేరు. అంత లోతు స్వరాల మీద వాటి ప్రభావం ఏమీ ఉండదు. చేయగలిగింది ఏంటంటే, లో ఎండ్ (లోతు స్వరాల) విషయంలో ఆ గదిని సాక్షిగా తీసుకోకపోవడం. మంచి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గది అసలు లెక్కలోకి రాదు. తర్వాత అదే మిక్స్‌ను వేర్వేరు చోట్ల వినాలి. కారులో బేస్ సంగతి తేలుతుంది. ఫోన్ స్పీకర్‌లో బేస్ గిటార్ అడుగు స్వరం అసలు రాదు. అయినా బేస్ లైన్ పోల్చుకోగలిగితే దాని హార్మోనిక్స్ (అడుగు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) సరిగ్గా ఉన్నట్టు, లేకపోతే వాటిని పెంచే శాచురేషన్ కొంచెం వేయాలి. చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు మోనో. వాటిలో గిటార్లు మాయమైతే ఫేజ్ తేడా (ఎడమ, కుడి ధ్వనులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేయడం) ఉన్నట్టు. వంటగదిలో పాట పెట్టి పక్క గదిలో నిలబడి వింటే గొంతు లెవెల్ గురించి బాగా తెలుస్తుంది. ఎందుకో గానీ, ఆ ఒక్క పరీక్ష నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

ఎంత చేసినా ఒక హద్దుంది. పొద్దుట్నుంచి పొయ్యి దగ్గరున్నవాళ్ళకు కూరలో ఉప్పు తెలియనట్టు, నాలుగు గంటలు ఒకే పాట విన్న చెవికి ఏదీ ఎక్కువగా అనిపించదు. రాత్రి తీసుకున్న నిర్ణయాన్ని పొద్దున కాఫీకి ముందు, తక్కువ సౌండ్‌లో, మొదటి ముప్ఫై సెకన్లలోనే మళ్ళీ చూసుకోవాలి.

మీ మిక్స్‌తో పోల్చుకోవడానికి ఒక రిఫరెన్స్ పాట తప్పక పెట్టుకోండి. అయితే సినిమా పాట పెట్టుకోవద్దు, పెట్టుకుంటే నిరాశే. సినిమా పాటలో గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది. వెనక స్ట్రింగ్స్, ప్రోగ్రామింగ్ పొరలు పొరలుగా ఉంటాయి. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ కిట్ ఉన్న రికార్డింగ్ ఆ సాంద్రతకు రాదు, రానక్కర్లేదు. మీ బ్యాండ్‌లో ఎన్ని వాద్యాలున్నాయో దాదాపు అన్నే ఉన్న పాటను, వీలైతే దక్షిణాది బ్యాండ్ రికార్డింగ్‌ను ఎంచుకోండి. దాన్ని మీ మిక్స్ లెవెల్‌కు తగ్గించి పక్కపక్కన వినండి.

మీటర్లు, ఏఐ పనిముట్లు

వీటి మీద ఎక్కువ రాయను. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్, ఏ స్వరాలు ఎంతున్నాయో చూపే వోక్సెంగో స్పాన్ రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండూ వేసుకోండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (లౌడ్‌నెస్ కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సౌండ్ ఎక్కువ) సర్దుతుంది. యాపిల్ మ్యూజిక్ సౌండ్ చెక్ మైనస్ 16కు. అంటే పాటను పిండి మైనస్ 7కు తెచ్చినా అక్కడ మళ్ళీ దింపేస్తారు, నలిగిన డ్రమ్స్ మాత్రం నలిగినట్టే ఉంటాయి. ఇలాంటి సంగతులు మీటర్ చెబుతుంది. 2014 నుంచి నడుస్తున్న ల్యాండర్ లాంటి ఆటోమేటిక్ మాస్టరింగ్ (మిక్స్ పూర్తయ్యాక విడుదలకు ముందు చేసే చివరి సర్దుబాటు) సర్వీసులు మీ ఫైల్‌కు మెరుగు పెట్టి తిరిగిస్తాయి. కానీ అవి పాటకు అభిప్రాయం చెప్పవు. గొంతు రెండు డెసిబెల్స్ తక్కువుందని గానీ, రెండో పల్లవిలో ఎనర్జీ పడిపోయిందని గానీ వాటికి తెలియదు. ఒక ఉపాయం మాత్రం పనికొస్తుంది. ఆటోమేటిక్ మాస్టర్‌ను, మీ మిక్స్‌ను ఒకే లెవెల్‌లో పెట్టి పోల్చండి. అది ఎక్కడెక్కడ బాగా మార్చిందో అక్కడ మీ గది మోసం చేసి ఉండొచ్చు. మూడు పాటల్లోనూ 250 హెర్ట్జ్ దగ్గరే తగ్గిస్తుంటే జవాబు దొరికినట్టే.

ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు

రెడిట్, డిస్కార్డ్ లాంటి చోట్ల ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్ళు ఒకరి మిక్స్‌లు ఒకరు విని చెప్పుకుంటారు. వీళ్ళకు మీ మీద మొహమాటం లేదు, అదే వీళ్ళ బలం. మిక్స్ భాష కూడా వచ్చు. "స్నేర్‌లో 200 దగ్గర డబ్బా మోత ఉంది" అని సూటిగా చెప్పే స్నేహితుడు మీకు పక్కింట్లో దొరకడు.

బలహీనత ఏమిటంటే, చెప్పే మనిషి ఏ స్పీకర్ మీద విన్నాడో, ఎంత అనుభవం ఉన్నవాడో తెలియదు. మొన్ననే కంప్రెసర్ అంటే ఏమిటో నేర్చుకున్న కుర్రాడు, ఇరవయ్యేళ్ళుగా మిక్స్ చేస్తున్న మనిషి ఒకే ధీమాతో రాస్తారు. తేడా కనిపెట్టడానికి నా కొలబద్ద ఒకటే. చోటు చెప్పి, ఎందుకో చెప్పినవాడి మాట రాసుకుంటాను. ప్లగిన్ పేరు మాత్రం చెప్పి వెళ్ళిపోయినవాడిది వదిలేస్తాను. ఇంకో సంగతి, డప్పు, తవిల్, మృదంగం లాంటివి పాటలో ఉంటే బయటి దేశాలవాళ్ళు వాటిని డ్రమ్ కిట్‌లోని టామ్స్‌లా వింటారు. డప్పు పుల్ల దెబ్బను "చెవికి గుచ్చుకుంటోంది" అని మెత్తబరచమంటారు. ఆ చురుకు పోతే డప్పు ఏముంది? అలాంటి సలహాలకు దణ్ణం పెట్టి ముందుకెళ్ళండి.

ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడమే నడుస్తుంది. ముందు నలుగురి పాటలు విని శ్రద్ధగా రాసినవాళ్ళకు జవాబులొస్తాయి. ఆ రాయడం వల్ల మన చెవి కూడా పదునెక్కుతుంది. నిజానికి వచ్చిన అభిప్రాయాల కంటే ఆ లాభమే ఎక్కువ కావచ్చు.

సబ్‌మిట్‌హబ్ లాంటి డబ్బు కట్టే వేదికలు వేరే కోవకు చెందుతాయి. అక్కడ వినేది ప్లేలిస్ట్ నడిపేవాళ్ళు. పాట తమ ప్లేలిస్ట్‌కు నప్పుతుందా లేదా అన్నదే వాళ్ళ ప్రశ్న. పాట విడుదలకు సిద్ధమయ్యాక ప్రచారానికి వాడుకోండి. మిక్స్ సలహా కోసం అక్కడ డబ్బు పెట్టొద్దు.

ఇంజనీర్‌కు డబ్బిచ్చి కూర్చోవడం

చేతిలో ఒక్క పాటకు సరిపడా డబ్బే ఉంటే నేను ఇక్కడే పెడతాను. మొత్తం మిక్స్ చేయించడానికి కాదు, ఒక గంట కూర్చుని వినడానికి. చాలామందికి ఇలా అడగొచ్చనే తెలియదు. "అన్నా, మిక్స్ మేమే చేసుకుంటున్నాం. మీ రూమ్‌లో గంటసేపు విని ఎక్కడెక్కడ తేడా ఉందో చెబితే చాలు, గంటకు ఎంతైతే అంత ఇస్తాం" అని ముందే చెప్పండి. ఫిలింనగర్, కృష్ణానగర్ చుట్టుపక్కల స్టూడియోల్లో పెద్ద ఇంజనీర్లు సినిమా పనిలో ఊపిరాడకుండా ఉంటారు. వాళ్ళ అసిస్టెంట్లకు ఖాళీ సమయం, ఓపిక, కొత్త పాట వినాలనే ఆసక్తి ఉంటాయి. చెవి మాత్రం అదే గదిలో తయారైంది.

ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న, "మనుషులు వాయించిన డ్రమ్స్ మిక్స్ చేశారా?" అని. ప్రోగ్రామ్ చేసిన ట్రాక్ మీద గొంతు కూర్చోబెట్టడం ఒక విద్య. ఎనిమిది మైకుల డ్రమ్ కిట్‌లో ఒకదాని మోత ఇంకోదాంట్లో దూరుతుంటే సర్దడం మరో విద్య. రెండోది బాగా తెలిసినవాళ్ళు ఒక్కోసారి స్టూడియోల్లో కంటే లైవ్ షోల కన్సోల్ వెనక దొరుకుతారు. ఊళ్ళో బ్యాండ్‌లకు క్రమంగా సౌండ్ చేసే మనిషి ఎవరైనా ఉంటే అడగండి. బ్యాండ్ అంటే ఎలా వినిపించాలో ఆయనకు శరీరంలో ఇంకి ఉంటుంది.

గంటను ఇలా వాడుకోవాలి. మొదట మీ పాట పెట్టొద్దు. మీకు బాగా తెలిసిన రెండు రికార్డింగ్‌లు ఆ గదిలో వినండి. ఆ స్పీకర్ల స్వభావం మీ చెవికి పట్టాలి. తర్వాత మీ మిక్స్ మొత్తం మాట్లాడకుండా ఒకసారి వినండి. "ఇక్కడ మా బేసిస్ట్‌కు ఆ రోజు జ్వరం" లాంటి సంజాయిషీలు ఇవ్వకండి. ఇంజనీర్ మొదట ఏం అంటాడో అదే అన్నింటికంటే విలువైనది, అది అక్షరాలా రాసుకోండి. ఆ తర్వాత స్టెమ్స్ (వాద్యాల వారీగా విడదీసిన ఫైళ్ళు) తెరిచి ఒక్క సమస్య, ఒకే ఒక్కటి, తన చేత్తో సరిచేసి చూపించమనండి. కిక్కు, బేస్ మధ్య తగాదానో, గొంతులో సకారాల చురుకో. చాలా చవక కండెన్సర్ మైకుల్లో పై స్వరాల దగ్గర ఉబ్బు ఉంటుంది. స, శ, చ వచ్చిన ప్రతిచోటా చెవిలో పుల్ల పెట్టినట్టుంటుంది. ఆ చురుకును తగ్గించే డీఎస్సర్ ఎంత వేయాలో ఒకసారి కళ్ళారా చూస్తే తర్వాతి పాటలన్నింటికీ పనికొస్తుంది.

దీనికి చవకైన ప్రత్యామ్నాయం మాస్టరింగ్ ఇంజనీర్. ఎలాగూ విడుదలకు ముందు మాస్టరింగ్ చేయిస్తారు కాబట్టి, పాట పంపేటప్పుడే "మాస్టర్ చేసే ముందు మిక్స్‌లో సరిచేయాల్సింది ఉంటే చెప్పండి, మార్చి పంపుతాం" అని రాయండి. మంచివాళ్ళు రెండు మూడు వాక్యాలు తప్పక చెబుతారు. ఆ మాట ముందే అడగాలి. పని మొదలయ్యాక మిక్స్ మార్చి పంపితే ఎవరికైనా చిరాకే.

పాట సంగతి స్టేజ్ మీద తేలుతుంది

రికార్డింగ్‌కు ముందే పాటను జనంలో పెట్టి చూడటం ఇంకో దారి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో లమకాన్ లాంటి చోట ఓపెన్ మైక్‌లో రెండు గొంతులు, ఒక అకూస్టిక్ గిటార్‌తో వినిపిస్తే ఏ లైన్‌కు జనం తలెత్తారో తెలుస్తుంది. మిక్స్ గురించి ఇది ఏమీ చెప్పదు. కానీ మూడు చరణాల్లో ఏది తీసేయాలో మాత్రం ఖచ్చితంగా చెబుతుంది.

ఎవరికి ఏ ఫైల్ పంపాలి

అందరికీ ఒకే ఫైల్ పంపడం సరికాదు. ఇంజనీర్‌కు, ఆన్‌లైన్ మిక్స్ మనుషులకు మాస్టర్ మీద లిమిటర్ తీసేసి, క్లిప్ కాకుండా (సౌండ్ హద్దు దాటి పగలకుండా), 24 బిట్ వేవ్ ఫైల్ ఇవ్వాలి. స్నేహితులకు, ఇంట్లోవాళ్ళకు మాత్రం లిమిటర్ వేసి సౌండ్ పెంచిన వెర్షనే పంపండి. లేకపోతే ముందు విన్న సినిమా పాటతో పోల్చుకుని "సౌండ్ తక్కువుంది" అనే ఒక్క మాటే పది మందీ చెబుతారు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. స్పీకర్‌లో ప్లే చేసి వాయిస్ నోట్‌లో రికార్డ్ చేసి పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ గురించి ఏం చెప్పను. డ్రైవ్ లింక్ ఇస్తే డౌన్‌లోడ్ చేసుకుని వినమని రాయండి. ఫైల్ పేరులో పాట పేరు, తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ ఇదే" అని పేర్లు పెడితే ఎవరు దేని గురించి చెప్పారో నెల తర్వాత బ్రహ్మదేవుడికీ తెలియదు.

ప్రశ్నలు మూడుకు మించొద్దు, అవి సూటిగా ఉండాలి. "రెండో చరణంలో గొంతు మునిగిపోతోందా?" "1:42 దగ్గర బ్రేక్ తర్వాత డ్రమ్స్ రావడం ఆలస్యంగా అనిపించిందా?" "దేని మీద విన్నావు?" ఈ మూడోది ఎప్పుడూ అడగాలి. ల్యాప్‌టాప్ స్పీకర్ మీద విన్నవాడు బేస్ లేదంటే దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అదే మనిషి గొంతు లెవెల్ గురించి చెప్పింది మాత్రం తీసుకోవచ్చు.

ఒకరు పెంచమని, ఒకరు తగ్గించమని అంటే

ఇది తప్పకుండా జరుగుతుంది. కంగారు పడకండి. వినేవాళ్ళు ఇబ్బంది పడ్డ చోటు చాలావరకు నిజమే అయి ఉంటుంది. మందు మాత్రం తరచూ తప్పు చెబుతారు. "గొంతు పెంచండి" అని ఒకరు, "రివర్బ్ తగ్గించండి" అని ఒకరు, "గిటార్లు ఎక్కువయ్యాయి" అని ఇంకొకరు ఒకే పల్లవి గురించి రాశారనుకోండి. ముగ్గురూ చెబుతున్నది ఒకటే, అక్కడ మాటలు అర్థం కావట్లేదు. ఫేడర్ ముట్టుకోకుండా గిటార్లలో 2 కిలోహెర్ట్జ్ చుట్టూ ఓ రెండు డెసిబెల్స్ తీస్తే ముగ్గురూ ఊరుకోవచ్చు. అలాకాక, సగం మంది పెంచమని, సగం మంది తగ్గించమని ఖచ్చితంగా చీలిపోతే ఆ లెవెల్ సరిగ్గానే ఉందనుకోండి. అక్కడ మీ ఇష్టమే చెల్లుతుంది.

రుచికి సంబంధించిన మాటలు వేరే పెట్టుకోవాలి. "ఇంత డిస్టార్షన్ ఎందుకు?" అన్నది మిక్స్ లోపం కాదు, ఆ మనిషికి రాక్ నచ్చదు, అంతే.

మీ పరిస్థితిని బట్టి

ఇది మొదటి పాట, డబ్బు లేదు, నేర్చుకోవడమే ఉద్దేశం అయితే: ఇంట్లోవాళ్ళతో మాటల పరీక్ష, కారు, ఫోన్, ఆ తర్వాత ఆన్‌లైన్ మిక్స్ సముదాయం. ఇంకేమీ వద్దు.

అయిదారు పాటల ఈపీ తీస్తుంటే మొదటి పాట మిక్స్‌తోనే ఇంజనీర్ దగ్గర గంట కూర్చోండి. అన్నీ అయ్యాక వెళ్తే ఒకే పొరపాటు ఆరు పాటల్లో సరిచేయాలి. మీ గదిలో లో ఎండ్ ఎటు వంగిందో ఆ ఒక్క గంటలో తెలిసిపోతుంది.

బ్యాండ్‌లో లెవెల్స్ మీద గొడవలు ముదిరి ఉంటే బయటి మనిషి మాటే దిక్కు. ముందుగా అందరూ ఒప్పుకున్న ఒకే మనిషి అయి ఉండాలి, తీర్పు వచ్చాక ఆయన్ను మార్చకూడదు. రాగం ఆధారంగా కట్టిన పాటైతే ట్యూనింగ్ దశలోనే గురువు దగ్గరికి వెళ్ళండి. డబ్బుంది, సమయం లేదంటే అభిప్రాయాల వేట మానేసి మిక్స్ పూర్తిగా బయటికి ఇచ్చేయండి. దాన్నీ మాటల పరీక్షకు మాత్రం పెట్టండి.

విడుదల తేదీ ఉంటే అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. స్పాటిఫైలో ఎడిటోరియల్ (వాళ్ళ సిబ్బందే పేర్చే) ప్లేలిస్ట్‌ల కోసం పాటను పిచ్ చేయాలంటే, అంటే పరిశీలించమని పంపాలంటే, విడుదలకు కనీసం 7 రోజుల ముందు చేయమంటారు. అప్పటికే పాట డిస్ట్రిబ్యూటర్ ద్వారా అక్కడికి చేరి ఉండాలి. మాస్టరింగ్‌కు ఒక వారం వేసుకోండి. దానికి ముందు మిక్స్ మార్పులకు ఇంకో వారం. అంటే అభిప్రాయాలు తీసుకోవడం విడుదలకు నెల ముందే ఆగిపోవాలి. ఆ తేదీ బ్యాండ్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి. తర్వాత వచ్చిన సలహాలు, ఎంత మంచివైనా, వేరే నోట్‌లో రాసి రెండో పాట సెషన్ ఫోల్డర్‌లో పడేయండి.